ఎదుటివాడి కర్ర

మా కర్రసాము బడిలో ఎవరి కర్రతో వాళ్ళు ఆడరు. బరిలోకి దిగిన ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, కర్రను రెండు అరచేతుల మీద అడ్డంగా పెట్టి, ఒకరిది ఒకరికి అందించుకుంటారు. ఆట అయ్యేదాకా నీ చేతిలో ఉండేది ఎదుటివాడి కర్రే. ఆట అయ్యాక ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చి, నమస్కారం పెట్టి బయటికి రావాలి. ఇవ్వకుండా వచ్చేసినవాడు గెలిచినా ఓడినట్టే లెక్క. చిలకలూరిపేటలో రేకుల షెడ్డు కింద బడి మొదలుపెట్టిన రోజున నేను పెట్టిన మొదటి నియమం ఇది. తర్వాత చాలా నియమాలు పెట్టాను. కొన్ని పనికిరావని నేనే తీసేశాను. దీని జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు.

మాది దర్శి పక్కన పల్లె. మా నాన్న పొగాకు వేసేవాడు. మా ఊళ్ళో తాలింఖానా ఉండేది. సాయంత్రం పొలాల నుంచి వచ్చినవాళ్ళు గోచీలు బిగించి అక్కడ కర్రసాము నేర్చుకునేవాళ్ళు. దసరాకి పక్క ఊరివాళ్ళతో పోటీ జరిగేది. ఒక ఏడాది ఆ పోటీలో మా చిన్నాన్న కొడుక్కి ముంజేయి విరిగింది. నాకు అన్న వరస. పడిన దెబ్బ పెద్దదేమీ కాదు. కర్ర అలా వచ్చి తాకింది, అంతే. మేమందరం కళ్ళారా చూశాం. తర్వాత చూస్తే అవతలి మనిషి కర్ర బోలు వెదురు. లోపల సీసం కరిగించి పోసుకుని, పైన ఇనప పొన్ను బిగించుకొచ్చాడు.

మా వాళ్ళు కర్రలు తీసుకుని ఆ ఊరి మీదికి బయల్దేరారు. మా గురువు వెళ్ళి తాలింఖానా వాకిలికి అడ్డంగా కూర్చున్నాడు.

"నన్ను దాటి పోండిరా చూస్తా" అన్నాడు.

ఎవరూ దాటలేదు. కాసేపటికి ఆయనే, మాతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు, "వాడి కర్ర వాడి మీదే పడుంటే తెలిసేది" అన్నాడు. అన్న చెయ్యి అతుక్కుంది గాని మళ్ళీ నాగలి మేడి గట్టిగా పట్టలేకపోయాడు. గురువు అన్న ఆ ఒక్క మాటా నాలో ఉండిపోయింది. నేను బడి పెట్టినప్పుడు దాన్నే నియమం చేశాను.

దీనివల్ల నేను అనుకోని మేలు కూడా ఒకటి జరిగింది. తన కర్ర రేపు తన మీదికే వస్తుందని తెలిశాక ఎవరూ దాన్ని బరువెక్కించరు. కణుపు గరుకుగా వదలరు. మా బడిలో చేరినవాళ్ళు మొదటి వారమంతా గాజుపెంకుతో కణుపులు గీకి, ఆముదం పట్టించి, ఎండలో పెట్టి, మళ్ళీ పట్టించి గడిపేవాళ్ళు. ఇంత నున్నటి కర్రలు జిల్లాలో ఎక్కడా ఉండవని నేను ధైర్యంగా చెప్పగలను.

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. బడి, ఉద్యోగం రెండూ నాకు ఒకే పని. కాలేజీ చదువు పేరుతో గుంటూరులో ఉన్నప్పుడు కరాటే నేర్చుకున్నాను. చదువు అంతంత మాత్రంగా సాగింది గాని కరాటే బాగా వచ్చింది. ఊరి కర్రసామునీ దీన్నీ కలిపితే ఏమవుతుందన్న ఆలోచన అప్పుడే మొదలైంది. తర్వాత చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో వాచ్‌మన్‌గా చేరాను. ఆ రోజుల్లో వాచ్‌మన్ అంటే స్టూలు మీద కూర్చుని బీడీ కాల్చుకునే ముసలాయన. చుట్టూ పత్తి కొండలు, మధ్యలో బీడీ!

నేను చేరిన వారంలోనే గేటు దగ్గర గూళ్ళున్న చెక్క అర ఒకటి పెట్టించాను. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ అగ్గిపెట్టె నా చేతికి ఇచ్చి వెళ్ళాలి. బయటికి వచ్చేటప్పుడు అదే అగ్గిపెట్టె తిరిగి ఇస్తాను, ఇంకొకరిది కాదు. "ఏందయ్యా, అగ్గిపెట్టెకి కూడా టోకెనా?" అని హమాలీలు నవ్వారు. కాని తమది తమకే, ఒక్క పుల్ల తగ్గకుండా తిరిగి వస్తుంటే నవ్వడం మానేశారు. ఒకరోజు మిల్లు యజమాని కారు దిగి నోట్లో సిగరెట్టుతో గేట్లోకి వచ్చారు. నేను చెయ్యి చాచాను.

"నాది కూడా అడుగుతావుటయ్యా?"

"లోపలున్న పత్తి మీదేనండి. అందుకే అడుగుతున్నాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, సిగరెట్టు బూటు కింద నలిపి, లైటరు నా అరచేతిలో పెట్టారు. సాయంత్రం తిరిగి తీసుకునేటప్పుడు, "రేపటి నుంచి గేటు నీది. నీ కింద మనుషుల్ని నువ్వే పెట్టుకో" అన్నారు. నా సెక్యూరిటీ ఆఫీసరు ఉద్యోగం అలా వచ్చింది. అపాయింట్‌మెంట్ కాగితం చాలా రోజుల తర్వాత వచ్చింది. ఆ సంగతి నా డైరీలో ఉంది. పదిహేనో ఏట నుంచి రోజుకి నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు అలవాటు. గాలి ఎటు వీచింది, బడికి ఎవరు రాలేదు, మిల్లుకి ఎన్ని బండ్లు వచ్చాయి, ఇంతే. గొప్పవేమీ ఉండవు అందులో.

మనుషుల్ని నన్నే పెట్టుకోమన్నారు కనక బడిలో నేర్చుకున్నవాళ్ళనే పెట్టుకున్నాను. పొద్దున బడి, పగలు మిల్లు. పేటలో జనం మా షెడ్డుని కర్రబడి అనేవాళ్ళు. నేను పెట్టిన పొడుగాటి పేరు బోర్డు మీదే మిగిలిపోయింది. మెల్లగా మిగతా మిల్లులవాళ్ళూ, కోల్డ్ స్టోరేజీలవాళ్ళూ మనుషుల్ని అడగడం మొదలుపెట్టారు. గార్డుగా వెళ్ళేవాడికి నేను మొదటి వారం కర్ర ఇచ్చేవాణ్ణి కాదు. మాట నేర్పేవాణ్ణి. ఆగు కాదు, ఆగండి. ఎక్కడికి కాదు, ఎవరి కోసమండీ. సత్తెనపల్లి నుంచి వచ్చిన ఒక కుర్రాడికి ఓపిక పట్టలేదు.

"సార్, కర్ర ఎప్పుడిస్తారు?"

"నోరు వాడటం వచ్చాక."

"నోరు మాకు బాగానే వచ్చు సార్."

"అదేరా నా భయం."

ఇప్పుడు హైవే మీద అటు నుంచి ఇటు బస్సులో వెళ్తుంటే దాదాపు ప్రతి గేటు దగ్గరా మా బడి మనిషి కనిపిస్తాడు. బస్సులో నన్ను చూస్తే కర్ర ఎత్తి నిలబడతాడు. పక్కన కూర్చున్నవాళ్ళు, "మీకు తెలిసినాయనా?" అని అడుగుతారు. "అవునండి" అంటాను. ఒక మనిషికి ఇంతకంటే ఏం కావాలో నాకు తెలియదు.

అయినా నా మనసులో ఒక వెలితి ఉండేది. మిల్లుల్లోనూ, కోల్డ్ స్టోరేజీల్లోనూ సగానికి సగం ఆడవాళ్ళే పని చేస్తారు. పత్తి ఏరడం, మిరపకాయల తొడిమలు తీయడం వాళ్ళ పని. సాయంత్రం పని దిగి వెళ్తుంటే మగ గార్డులు గేటు దగ్గర నిలబెట్టి చీర కొంగులు దులిపించేవాళ్ళు, లోపల ఏమైనా దాచారేమోనని. నేను పనిచేసిన మిల్లులో అది మాన్పించాను. బల్ల ఒకటి వేయించి, ఎవరి డబ్బా వాళ్ళే మూత తీసి చూపించి వెళ్ళేలా చేశాను. మిగతా చోట్ల నా మాట సాగలేదు. గేటు దగ్గర ఆడమనిషి ఉంటే తప్ప ఇది కుదరదని నాకు తెలుసు. కాని ఆడమనిషికి గేటు ఇచ్చే యజమాని ఎవరూ కనబడలేదు.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. స్పిన్నింగు మిల్లులో పని చేసేది. ఒక పొద్దున షెడ్డు బయట నిలబడి, "ఆడవాళ్ళకి నేర్పుతారా మాస్టారూ?" అని అడిగింది.

"నేర్పుతానమ్మా. కాని వేరే బరి ఉండదు."

"నాకు వేరే బరి అక్కర్లేదండి."

మొదటి ఆట ఒక దిట్టమైన కుర్రాడితో పడింది. కర్ర మార్చుకోవలసిన చోట అతను నవ్వుతూ నిలబడ్డాడు. ఆడపిల్ల చేతికి తన కర్ర ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"ఇవ్వన్నా, తినెయ్యనులే" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. అతను ఇచ్చాడు. ఆ రోజు ఆమె గెలిచిందని చెప్పను. గెలవలేదు. కాని ఆట అయ్యాక అతని కర్ర అతనికి ఇస్తూ, "కింద కణుపు దగ్గర పగులుంది, చూసుకో అన్నా" అంది. అతను చూసుకున్నాడు. నిజంగానే సన్నటి పగులు ఉంది. అంత దగ్గరగా ఎదుటివాడి కర్రని చూసినవాళ్ళు అంతకుముందు మా బడిలో లేరు.

కొన్నేళ్ళకి ఆమె మా బడిలో అందరికంటే మంచి ఆటగత్తె అయింది. పెళ్ళయింది, పాప పుట్టింది, మళ్ళీ బరిలోకి వచ్చింది. నేను ఉద్యోగం నుంచి రిటైరవుతున్న ఏడు నా దగ్గరికి వచ్చి, "నన్ను గార్డుగా వేయించండి మాస్టారూ" అంది.

"ఏ మిల్లులో?"

హైవే పక్కనున్న కోల్డ్ స్టోరేజీ ఒకటి చెప్పింది. మిరపకాయలు నిల్వ చేసేది. "అది వద్దులేమ్మా. ఆ ఓనరు మొండి" అన్నాను.

"మా అమ్మ అక్కడే తొడిమలు తీస్తది మాస్టారూ. ఆ గేటు దగ్గరే మా అమ్మ చేత కొంగు దులిపించారు. అక్కడే వెయ్యండి."

మర్నాడు వెళ్ళి ఆ యజమానిని కలిశాను. ఆయన నాకు కాఫీ తెప్పించి, నేను చెప్పిందంతా విన్నారు.

"మాస్టారూ, మీ మాట మీద నాకు గౌరవం ఉంది. కాని ఆడమనిషి గేట్లో ఉంటే లారీ డ్రైవర్లు మాట వింటారా? రైతులు వింటారా? పైగా ఆడవాళ్ళకి ఇక్కడ బాత్‌రూం కూడా లేదు."

"తొడిమలు తీసేవాళ్ళు లోపల అంతమంది ఉన్నారు కదండీ. వాళ్ళెక్కడికి వెళ్తున్నారు?"

ఆయన కాఫీ కప్పు వైపు చూశారు. ఎక్కడికి వెళ్తున్నారో ఇద్దరికీ తెలుసు. షెడ్డు వెనక తుమ్మచెట్ల చాటుకి.

"సరే, ఈ సీజను చూద్దాం" అన్నారు చివరికి. "గేటు ఇన్‌ఛార్జిగానే వేస్తాను, మీరన్నట్టే. కాని ఒక్క గొడవ జరిగిందా, ఆడవాళ్ళ ఊసు ఇంక నా దగ్గర ఎత్తొద్దు. ఈ రోడ్డు మీద మిగతా ఓనర్లు కూడా నన్ను చూసే నిర్ణయించుకుంటారు. ఆ సంగతి మీకూ తెలుసు."

తెలుసు. ఆమె నిలబడితే ఆ రోడ్డు మీది గేట్లన్నీ ఆడవాళ్ళకి తెరుచుకుంటాయి. నిలబడకపోతే నా జీవితకాలంలో ఇంకొకటి తెరుచుకోదు. ఈ మాట ఆమెకి చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పేశాను. "సరే మాస్టారూ" అని బూట్లకి పాలిష్ పెట్టుకుంటూ కూర్చుంది. గార్డుల బూట్లు మెరవాలన్నది నా నియమాల్లో ఒకటి.

ఆమె చేరిన రోజే ఆ గేటు దగ్గర కొంగులు దులిపించడం ఆగిపోయింది. ఎవరి డబ్బా వాళ్ళే తెరిచి చూపించి వెళ్ళేవాళ్ళు. ఆమె తల్లి కూడా వరసలో నిలబడి డబ్బా తెరిచేది.

"చూడవే, పచ్చడి మెతుకులు తప్ప ఏమున్నాయి ఇందులో?"

"చూశాలే అమ్మా, పద పద, వెనక జనం ఉన్నారు."

కూతురితో ఆ మాట అంటున్నప్పుడు ఆ తల్లి మొహం చూడాలని నేను పనిగట్టుకుని రెండు మూడు సాయంత్రాలు అటు వెళ్ళాను.

కాయ దిగే రోజులు వచ్చాయి. కల్లాల్లో ఎండిన మిరపకాయలు టిక్కీలకెత్తి, ట్రాక్టర్ల మీద, లారీల మీద వేసుకుని రైతులు కోల్డ్ స్టోరేజీలకి వస్తారు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల గోనెబస్తా. సర్వీసు రోడ్డు పొడుగునా బండ్లు బారులు తీరి ఉంటాయి. ఎండ, ఘాటు, తుమ్ములు. తెల్లవారకముందే వచ్చిన రైతుకి మధ్యాహ్నమైనా వంతు రాకపోతే మాట కాస్త గట్టిగానే వస్తుంది. మా జనం మామూలుగా మాట్లాడుకున్నా కొత్తవాళ్ళకి పోట్లాటలాగే వినబడుతుంది.

ఆ రోజు నేను రోడ్డుకి అవతల టీ బంకు దగ్గర ఉన్నాను. గేటు ముందు ఒక ట్రాక్టరు మీంచి టిక్కీ జారి కింద పడి పగిలింది. ఎర్రటి కాయ గేటు నేల మీద పరుచుకుంది. అదే సమయానికి లోపలి నుంచి ఒక లారీ వెనక్కి వస్తోంది. ఆమె కింద పనిచేసే ఇద్దరిలో కొత్త గార్డు, ఇరవై ఏళ్ళవాడు, లారీని ఆపడానికి పరుగెత్తాడు. ఆ మెరిసే బూట్లతో సరిగ్గా ఆ కాయ మీద నుంచి పరుగెత్తాడు.

మిరపకాయ మీద కాళ్ళు పెట్టడం మాకు తప్పు కాదు. టిక్కీల్లోకి కాయని కాళ్ళతోనే తొక్కి కూరుతారు. కాని తొక్కేవాడు వట్టికాళ్ళతో తొక్కుతాడు. చెప్పులు కల్లం బయట విడిచి, ఒకసారి కాయని కళ్ళకద్దుకుని ఎక్కుతాడు. బూటుకాలు పెట్టడం వేరు. పట్నంలో పుట్టిన మనిషికి ఈ తేడా చెప్పినా అర్థం కాదు. ఆ కుర్రాడు రైతుబిడ్డే. లారీ కంగారులో మరిచిపోయాడు.

"ఒరేయ్! బూటుకాళ్ళతో కాయ తొక్కుతావంట్రా?" అని కాయ తాలూకు రైతు ట్రాక్టరు మీంచి దూకాడు. పెద్దాయన. తలకి తువ్వాలు, చేతిలో పొన్నుకర్ర. ఆ కేక విని వరసలో ఉన్న బండ్ల మీంచి అందరూ దిగారు. మొదట కాయ గురించి, తర్వాత వంతు గురించి, తర్వాత ఎండ గురించి, చివరికి దేని గురించో తెలియకుండా అరిచారు. గేటుని చేతులతో ఊపడం మొదలుపెట్టారు. గార్డులిద్దరూ కర్రలు పైకెత్తారు. పై ఆఫీసు మెట్ల మీద యజమాని కనబడ్డారు, చేతిలో ఫోను.

"పోలీసులకి చెయ్యమంటావా?" అని అక్కణ్ణుంచే అరిచారు.

నేను గ్లాసు అక్కడ పెట్టి రోడ్డు దాటబోయాను. డివైడర్ దాకా వచ్చి ఆగాను. నేను వెళ్తే చాలామంది నన్ను ఎరుగుదురు, సర్దుకుంటారు. కాని అప్పుడు అది నా గేటు అవుతుంది, ఆమెది కాదు. లారీలు అటూ ఇటూ దూసుకుపోతుంటే డివైడర్ మీద నిలబడిపోయాను. అక్కణ్ణుంచి కనబడింది చూశాను, వినబడని మాటలు తర్వాత ఆమె చెప్పింది.

ఆమె ముందు యజమాని వైపు తిరిగి అరచెయ్యి చూపించింది, ఆగమన్నట్టు. తర్వాత గార్డుల వైపు తిరిగి, "కర్రలు దించండి" అంది. దించారు. వంగి తన బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది. ఆ ఎండకి సిమెంటు నేల పెనంలా కాలుతూ ఉండాలి. వట్టి పాదాలతో కాయ పక్క నుంచి నడిచి, చిన్న గేటు తెరుచుకుని బయటికి వచ్చి, ఆ పెద్దాయన ఎదుట నిలబడింది. కర్రను రెండు అరచేతుల మీద అడ్డంగా పెట్టి చాచింది.

"ఇదేంటి?" అన్నాడాయన.

"మా బడిలో ఆటకి ముందు కర్రలు మార్చుకుంటాం పెదనాన్నా. నాది మీరు తీసుకోండి, మీది నాకివ్వండి. తప్పు మావాడిదే. కొట్టాలనిపిస్తే నా కర్రతోనే కొట్టండి."

ఆ గోలలో ఆమె మాట వినడానికి ముందువరసలో వాళ్ళు నోరు మూసుకున్నారు. వాళ్ళు ఎందుకు ఊరుకున్నారో తెలుసుకోవడానికి వెనకవాళ్ళు ఊరుకున్నారు. వెనక నుంచి ఒక గొంతు మాత్రం, "ఏం పెదనాన్నా, కర్రలు మార్చుకుని దండలు కూడా మార్చుకుంటావా?" అంది.

"నోర్ముయ్యరా ఎదవా, నా మనవరాలంత లేదు!" అని పెద్దాయన వెనక్కి కసిరాడు. కసిరి, ముందుకి తిరిగేసరికి ఆయన కోపం సగం ఆ వెనకవాడి మీద ఖర్చయిపోయింది. ఆమె చేతుల్లోని కర్ర తీసుకున్నాడు. తన పొన్నుకర్ర ఆమెకి ఇచ్చాడు. పల్లెల్లో పుట్టి పెరిగిన ఏ మగవాడైనా చేతికి కర్ర వస్తే చేసే పనే ఆయనా చేశాడు. బరువు చూశాడు, బొటనవేలితో కణుపులు తడిమాడు.

"ఏం పట్టిస్తావే దీనికి? ఇంత నున్నగా ఉంది."

"ఆముదం పెదనాన్నా. వారం వారం."

"ఊఁ" అన్నాడు.

ఆమె ఆయన కర్రని గోడకి జాగ్రత్తగా ఆనించి, కింద కూర్చుని కాయ ఏరడం మొదలుపెట్టింది. ఆ కుర్రగార్డు ఏడుపు మొహంతో బూట్లు విప్పి వచ్చి పక్కన కూర్చున్నాడు. రెండోవాడూ వచ్చాడు. తర్వాత వరసలో వాళ్ళు నలుగురైదుగురు వచ్చి చేతులు వేశారు. పెద్దాయన మాత్రం ఆమె కర్ర పట్టుకుని గేటు మధ్యలో కాపలా ఉన్నట్టు నిలబడి, "ఒరేయ్, ఆ బండి వెనక్కి తియ్యి! కనపళ్ళా ఇక్కడ ఏరుతున్నారు?" అని లారీవాణ్ణి గదమాయించాడు. కాసేపు ఆగి, "కాళ్ళు కాల్తయ్యి, చెప్పులేసుకోవే" అని ఆమెని కూడా గదమాయించాడు.

నేను మళ్ళీ టీ బంకు దగ్గరికి వచ్చి చల్లారిన టీ తాగాను. చాలా బాగుంది.

సంగతి అక్కడితో అయిపోలేదు. దిగుమతి హడావిడిలో పెద్దాయన ట్రాక్టరెక్కి ఆమె కర్రతోనే ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన పొన్నుకర్ర గోడకి అలాగే ఉంది. మర్నాడు పొద్దున నన్ను పిలిపించి, యజమాని ఆ మాటే అందుకున్నారు. ఆమె ఎదురుగానే నిలబడి ఉంది.

"మాస్టారూ, ఏమనుకోకండి. గొడవ జరిగిందా లేదా? నేను ముందే చెప్పాను. పైగా గేటు కాయాల్సిన కర్ర ఎవరి చేతిలోనో పెట్టి పంపింది. నలుగురు వింటే నవ్వరూ?"

నేను ఏదో అనబోయాను. "వస్తుందండి" అంది ఆమె.

"ఏం వస్తుంది?"

"కర్ర. ఆయన కర్ర నా దగ్గర ఉంది కదండీ."

యజమాని నా వైపు చూసి నిట్టూర్చారు. ఇంకో మనిషిని చూడమని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. ఆ మాట ఆయన నోటి నుంచి రాకముందే గేటు దగ్గర షేర్ ఆటో ఆగింది. పెద్దాయన దిగాడు. ఈసారి బండి లేదు, సరుకు లేదు. చేతిలో ఆమె కర్ర ఒక్కటే. కేవలం దానికోసం వచ్చాడు. గేటు బయటే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కాయ లేని నేల మీద చెప్పులు విడవాల్సిన పని లేదు, అయినా విడిచాడు. మేమందరం మెట్లు దిగి వెళ్ళాం.

"ఇదిగోవే నీ కర్ర. నిన్న మతి లేక పట్టుకుపోయా. ఇంటికి పోయి చూస్తే పైన పొడిగా అనిపించింది. రాత్రి ఆముదం రాసిపెట్టా. ఇంకా కొద్దిగా జిడ్డుంటది, తుడుచుకో."

ఆమె రెండు చేతులా అందుకుంది. గోడ దగ్గరికి వెళ్ళి ఆయన పొన్నుకర్ర తెచ్చి, అరచేతుల మీద అడ్డంగా పెట్టి ఇచ్చింది. నమస్కారం పెట్టింది. ఆయన కూడా, ఎవరూ నేర్పకుండానే, నమస్కారం పెట్టాడు. మా బడిలో ఇన్నేళ్ళలో ఎంతోమంది ఎదుటివాడి కర్ర తిరిగి ఇచ్చారు. ఆముదం రాసి ఇచ్చినవాణ్ణి నేను చూడలేదు.

పెద్దాయన అప్పుడు యజమాని వైపు తిరిగాడు.

"ఎల్లుండి మా ఊరి కాయ వస్తది. చాలా బండ్లు. ఈ పిల్ల ఉంటదా గేట్లో?"

యజమాని ఆయన్ని చూశారు, నన్ను చూశారు, ఆమె చేతిలో మెరుస్తున్న కర్రని చూశారు.

"ఉంటుంది" అన్నారు.

అంతే. మెచ్చుకున్నది లేదు, చేతులు కలిపింది లేదు. ఆమె వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. ఆ కర్ర నాకిస్తే బడిలో గోడకి తగిలిస్తానని నాకు ఆశగా ఉండేది. ఒకరోజు అడిగాను కూడా. "గోడ మీద ఉంటే పగులుతుంది మాస్టారూ. వాడుతుండాలి" అంది. నేను నేర్పిన మాటే నాకు చెప్పింది. ఇప్పుడు బడిలో కొత్త నియమం కూడా ఆమే పెట్టింది. నేల మీద కాయ గాని పత్తి గాని ఉంటే ముందు బూట్లు విప్పాలి, తర్వాతే లారీ. రిటైరయ్యాక బడి ఆమెకే అప్పగించాను కనక నన్ను అడగలేదు. అడగకపోవడమే నాకు నచ్చింది.

ఆ సీజను ముగిసే రోజుల్లో ఒక పొద్దున అటు వెళ్తూ బస్సు కిటికీలోంచి చూశాను. గేటు పక్కన ట్రాక్టరు ఆగి ఉంది. మేస్త్రీ ఒకడు తాడుతో కొలతలు వేస్తున్నాడు. తొడిమలు తీసే ఆడవాళ్ళు పనిలోకి వెళ్తూ వెళ్తూ ఆగి చూస్తున్నారు. ఏం కడుతున్నారని వాళ్ళలో ఒకామె అడిగి ఉంటుంది. మా బడి అమ్మాయి కర్రతో నేల మీద గీత గీసి చూపిస్తోంది, తలుపు ఎటు వస్తుందో. బస్సు ఆగలేదు. ఆమె నన్ను చూసి కర్ర ఎత్తింది.

ఆ రోజు డైరీలో గాలి గురించి, బండ్ల గురించి ఏమీ రాయలేదు. ఒకే ముక్క రాశాను. "కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర బాత్‌రూంకి ఇటుకలు దింపారు."